సంఘ ప్రశ్నలకు ఉమ్మడి జవాబుల పుటలు: సర్వరుపై ఏర్పాటు, దిద్దుబాటు అధికారము – ఒక పరిశీలన

సంఘకాపరికి వచ్చు ప్రశ్నలలో అధిక భాగము కొత్తవి కావు. అన్యమతస్థుని వివాహమాడిన విశ్వాసికి ప్రభురాత్రి భోజనము ఇవ్వవచ్చునా? వేరొక సంఘములో బాప్తిస్మము పొంది వచ్చినవారికి మరల ఇవ్వవలెనా? దశమ భాగము మొత్తము జీతముపైనా, చేతికి అందిన జీతముపైనా? ఈ ప్రశ్నలు ప్రతి తరములోను, ప్రతి గ్రామములోను తిరిగి వచ్చుచునే ఉంటవి. జవాబులు మాత్రము ఎక్కడా నిలువవు. పెద్దలు ఫోనులో చెప్పిన మాట ఆ సంభాషణతోనే పోవును. కాపరుల వాట్సాప్ గ్రూపులో ఉదయము వ్రాసిన చక్కని జవాబు సాయంత్రమునకు శుభాకాంక్షల క్రింద మరుగైపోవును. మరుసటి వారము అదే ప్రశ్నను ఇంకొకరు అడుగుదురు.

ఈ అవసరమును బట్టి కొందరు కాపరులము, వేదాంత విద్యార్థులము కలిసి ఒక సర్వరుపై ప్రశ్నోత్తరముల పుటలను ఏర్పరచుకొన్నాము. ఎవరైనను తమ ఫోనులోనే చదువవచ్చును. అనుమతి గలవారు ఆ పుటమీదనే జవాబును దిద్దవచ్చును. అటువంటి ఏర్పాటును ఎట్లు చేయవలెనో ఈ వ్యాసములో వివరించుచున్నాము. అయితే ఒక మాట ముందే చెప్పవలెను. యంత్రమును నిలబెట్టుట ఒక మధ్యాహ్నపు పని. ఏ వాక్యమును ఎవరు మార్చవచ్చును అను నిర్ణయమునకు మాకు ఏడాదికి పైగా పట్టినది. ఆ ఆలస్యము వలన నష్టపోయినది మేము కాదు, ఒక కుటుంబము. కనుక ఇచ్చట సాంకేతిక విషయముల కంటె ఆ నిర్ణయమును గూర్చియే ఎక్కువగా వ్రాయుచున్నాము.

ప్రశ్నోత్తరములు సంఘమునకు కొత్త కాదు

కొరింథు సంఘస్థులు పౌలునకు ప్రశ్నలు వ్రాసి పంపిరి. మొదటి పత్రికలో 7:1, 7:25, 8:1, 12:1, 16:1, 16:12 వచనములను గ్రీకులో చూచినచో, ప్రతిచోట 'పెరి దె' అను మాటలతోనే కొత్త అంశము మొదలగుచున్నది. 'ఇక ఫలానా విషయమును గూర్చి' అని భావము. వీటిలో కనీసము కొన్నియైనను వారి లేఖకు వరుసగా ఇచ్చిన జవాబులని వ్యాఖ్యాతలు తలంచుదురు. తరువాతి కాలమున అనేక కాటెకిజములు ఇదే మార్గమున నడచినవి. లూథరు చిన్న కాటెకిజము 1529లోను, హైడెల్‌బర్గ్ కాటెకిజము 1563లోను, వెస్ట్‌మిన్‌స్టర్ చిన్న కాటెకిజము 107 ప్రశ్నలతో 1647లోను వచ్చినవి.

వీటిలో హైడెల్‌బర్గ్ కాటెకిజము చరిత్ర మన విషయమునకు మిక్కిలి దగ్గరగా ఉన్నది. మనమిప్పుడు ఎరిగిన 129 ప్రశ్నలలో 80వ ప్రశ్న మొదటి ముద్రణలో లేదు. ప్రభురాత్రి భోజనమునకును రోమను కతోలిక పూజకును గల భేదమును గూర్చిన ఆ ప్రశ్న అదే ఏడాది రెండవ ముద్రణలో చేర్చబడినది, మూడవ ముద్రణలో ఇంకను పెంచబడినది, కతోలిక పూజను ఖండించు తీవ్రమైన మాటలతో ముగిసినది. నాలుగు శతాబ్దములు గడచిన తరువాత, ఉత్తర అమెరికాలోని క్రిస్టియన్ రిఫార్మ్‌డ్ చర్చి ఆ జవాబును మరల పరిశీలించి, 2006 సినడులో దాని కొంత భాగమును కుండలీకరణములలో ఉంచి, దిగువ గమనిక చేర్చినది. వారు ఆ మాటలను చెరిపివేయలేదు. ఏమి వ్రాయబడినదో, దానిని గూర్చి ఇప్పుడు సంఘము ఏమనుచున్నదో, రెండును చదువరికి కనబడునట్లు ఉంచిరి. మంచి దిద్దుబాటు ఇట్లుండవలెనని మా అభిప్రాయము.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ 1 యోహాను 5:7లో ఉన్నది. పరలోకములో సాక్ష్యమిచ్చు ముగ్గురిని గూర్చిన మాటలు ప్రాచీన గ్రీకు వ్రాతప్రతులలో లేవు. లతీను ప్రతులలో ఎవరో వివరణగా అంచున వ్రాసికొన్న మాట మెల్లగా మూలములోనికి వచ్చినదని పాఠపరిశోధకులు చెప్పుదురు. ఎరాస్మస్ 1516, 1519 ముద్రణలలో దానిని చేర్చలేదు, 1522 ముద్రణలో చేర్చెను. అంచున వ్రాసినవాడు వంచకుడు కాదు, భక్తిగల లేఖికుడే అయియుండును. ఎవరు, ఎప్పుడు, ఎందుకు వ్రాసిరను గురుతు లేకపోవుటయే చిక్కు. మనము సర్వరుపై నిలబెట్టు పుటలకు కూడ ఇదే అపాయము కలదు.

ఏ సాధనము?

చదువరులే దిద్దగల ప్రశ్నోత్తరముల కొరకు 1990లలో జాన్ హవెల్ 'ఫాక్-ఓ-మాటిక్' అను ప్రోగ్రామును పెర్ల్ భాషలో వ్రాసెను. దానిపై పని ఆగి చాలాకాలమైనది. భద్రత దృష్ట్యా నేడు దానిని పెట్టుకొనుట మంచిది కాదు. ఇంచుమించు అదే కాలమున, 1995 మార్చిలో, వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని ప్రారంభించెను. హోనలులు విమానాశ్రయములోని 'వికీ వికీ' బస్సు నుండి ఆ పేరు వచ్చినది. హవాయి భాషలో త్వరగా అని అర్థము. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది గనుక ఈ పద్ధతి మన పాఠకులకు కొత్త కాదు.

వికీపీడియాను నడుపు మీడియావికీ పెద్ద ఏర్పాటులకు శ్రేష్ఠమైనది గాని దానికి డేటాబేస్ కావలెను. డేటాబేస్ చెడినప్పుడు బాగుచేయగల మనిషి మన సెమినరీలలో ఎల్లప్పుడు ఉండడు. అందుచేత మేము ఆండ్రియాస్ గోర్ 2004లో ప్రారంభించిన డోకువికీని ఎంచుకొన్నాము. ఇది ఉచితము. దీనికి డేటాబేస్ లేదు. ప్రతి పుట ఒక సాధారణ టెక్స్ట్ ఫైలు. రేపు ఈ ప్రోగ్రాము మూతబడినను ఆ ఫైళ్లను నోట్‌ప్యాడులో తెరచి చదువుకొనవచ్చును. మన పాత మినిట్స్ పుస్తకములకు చెదలు పట్టుటను చూచిన వారికి ఈ గుణము విలువ చెప్పనక్కరలేదు.

నిలబెట్టు విధము

పిహెచ్‌పి నడుచు ఏ చిన్న సర్వరైనను చాలును. నెలకు అద్దెకు దొరకు షేర్డ్ హోస్టింగులో కూడ పని జరుగును. డోకువికీని దాని సొంత సైటు నుండి దింపుకొని, విప్పి, సర్వరులో ఒక ఫోల్డరులో ఉంచవలెను. తరువాత బ్రౌజరులో 'ఇన్‌స్టాల్ డాట్ పిహెచ్‌పి' అను ఫైలును తెరచినచో కొన్ని ప్రశ్నలు అడుగును: వికీ పేరు, అడ్మిన్ పేరు, పాస్‌వర్డు, లైసెన్సు. లైసెన్సును ఏదో ఒకటి నొక్కి ముందుకు పోవద్దు. ఇతరులు మన జవాబులను తమ పత్రికలలో అచ్చువేసికొనవచ్చునా లేదా అనునది అక్కడ నిర్ణయమగును.

ఆ పుటలోనే మూడు విధముల అనుమతులు చూపబడును. 'ఓపెన్' అనగా ఎవరైనను చదువవచ్చును, వ్రాయవచ్చును. 'పబ్లిక్' అనగా అందరును చదువుదురు, నమోదైనవారే వ్రాయుదురు. 'క్లోజ్డ్' అనగా నమోదైనవారికే చదువుటకును వ్రాయుటకును వీలు. ఓపెన్ పెట్టినచో కొద్దికాలమునకే ప్రకటనల యంత్రములు వచ్చి జూదము సైట్ల లింకులతో పుటలను నింపును. మేము రెండవదానిని ఎంచుకొని, ఎవరికి వారు నమోదు చేసికొను వీలును కూడ మూసివేశాము. పేరు, సంఘము తెలిసికొనిన తరువాత అడ్మినే వారిని చేర్చును.

పని ముగిసిన వెంటనే ఆ ఇన్‌స్టాల్ ఫైలును తీసివేయవలెను. 'డేటా' ఫోల్డరు బయటివారికి తెరచుకొనకూడదు. అపాచీ సర్వరులో ఇందుకు కావలసిన అడ్డు ఫైళ్లు డోకువికీతోనే వచ్చును. ఎన్‌జినెక్స్ సర్వరు వాటిని లెక్కచేయదు గనుక ఆ అడ్డును మనమే దాని అమరికలో వ్రాయవలెను. డేటా ఫోల్డరులోని ఒక పుట ఫైలు చిరునామాను నేరుగా బ్రౌజరులో కొట్టి చూడుడి. అక్షరములు కనబడినచో తాళము పడలేదన్నమాట. తాళపు గుర్తు గల సురక్షిత చిరునామా కొరకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ధ్రువపత్రమును ఉచితముగా ఇచ్చును. దాని గడువు కొద్ది నెలలలోనే తీరును గనుక తనంతట తానే కొత్తదయ్యేటట్లు అమర్చవలెను.

మేము చేసిన తప్పు

మొదట మేము నమోదైన వారందరికి అన్ని పుటలను దిద్దు అనుమతి ఇచ్చాము. విద్యార్థుల కొరకు ఒకే ఉమ్మడి లాగిన్ తెరచి, పాస్‌వర్డును తరగతి గదిలో బోర్డు మీద వ్రాశాము. పని చురుకుగా సాగినది. కొన్ని నెలలలో మేము అనుకొన్న దానికంటె ఎక్కువ పుటలు తయారైనవి, సంతోషించాము.

ఆ పుటలలో ఒకటి, ఆత్మహత్య చేసికొన్న విశ్వాసికి సంఘ క్రమము చొప్పున భూస్థాపన చేయవచ్చునా అను ప్రశ్నను గూర్చినది. ఒక వృద్ధ కాపరి దానికి జాగ్రత్తగా జవాబు వ్రాసియుండెను: తీర్పు దేవునిది, కాపరి ఆ ఇంటికి తప్పక వెళ్లవలెను, కుటుంబమును ఆదరించు క్రమమును జరిగించవలెను, సందేహమున్నచో పై అధికారితో మాట్లాడవలెను అని. ఒక దినమున, దూర గ్రామములో కొత్తగా నియమింపబడిన ఒక యౌవన కాపరికి ఆ పరిస్థితియే ఎదురైనది. ఫోనులో సిగ్నలు చాలక పెద్దలతో మాట్లాడలేకపోయెను. మా పుట మాత్రము తెరచుకొన్నది. జవాబునకు పైన, నియమమువలె, ఒక వాక్యము కనబడెను: అట్టివారికి సంఘ క్రమము జరిగించరాదు. ఆయన వెళ్లలేదు. ఆ తల్లిదండ్రులు కాపరి లేకయే తమ బిడ్డను సమాధి చేసికొనిరి.

తరువాత ఆయన మమ్మును అడిగినప్పుడు పుట చరిత్రను తెరచి చూచితిమి. ఆ వాక్యము మూడు దినముల క్రితము రాత్రి చేర్చబడినది. కారణము వ్రాయు గడి ఖాళీగా ఉన్నది. పేరు స్థానములో ఉన్నది ఉమ్మడి లాగిన్. ఎవరు వ్రాసిరో నేటికిని మాకు తెలియదు; తెలిసికొనవలెనని గట్టిగా వెదకలేదు కూడ, ఎందుకనగా తాళము వేయని తప్పు మాది. మేము ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఆ తండ్రి మమ్మును కూర్చుండబెట్టి టీ ఇచ్చెను గాని సమాధానము చెప్పలేదు.

మూడు స్వరములు

పుటలను ఏమి చేయవలెనను చర్చలో మాకు సహాయపడినది మరల కొరింథీయుల పత్రికయే. 7వ అధ్యాయములో పౌలు తన జవాబులన్నిటికి ఒకే అధికారమును ఆపాదించుకొనలేదు. 10వ వచనములో ఆజ్ఞ తనది కాదు, ప్రభువుదే అని చెప్పును. 12వ వచనములో చెప్పుచున్నది తానే, ప్రభువు కాదని స్పష్టము చేయును. 25వ వచనములో ప్రభువు ఆజ్ఞ తనకు లేదని ఒప్పుకొని తన అభిప్రాయమును చెప్పును. ఒకే పత్రికలో, ఒకే అంశముపై, ఏ మాట ఎవరిదో చదువరికి తెలియజేసెను. మా పుటమీద జరిగినది దీనికి వ్యతిరేకము: ఒకరి అభిప్రాయము సంఘ నియమము వేషము వేసికొన్నది.

కనుక ప్రతి జవాబును మూడు భాగములుగా విడదీశాము. లేఖనము ఏమి చెప్పుచున్నది, ఆయా సంఘముల నియమము ఏమి, కాపరుల సలహా ఏమి. చిన్నపిల్లల బాప్తిస్మము వంటి ప్రశ్నకు రెండవ భాగములో లూథరన్, సి.ఎస్.ఐ., బాప్టిస్టు సంఘముల పద్ధతులు వేరువేరుగా ఉండును. అన్నిటిని కలిపి ఒకే మధ్యేమార్గపు వాక్యము వ్రాయుట ఎవరికిని ఉపయోగపడదు. సలహా భాగములో ప్రతి పేరా చివర వ్రాసినవారి పేరు ఉండవలెను.

ఇందులో ఒక సాంకేతిక చిక్కు ఉన్నది. డోకువికీలో అనుమతి పుటకు గాని, పుటల విభాగమునకు గాని ఇవ్వవచ్చును. ఒకే పుటలోని పేరాలకు వేరువేరు అనుమతులు ఇచ్చు వీలు లేదు. అందుచేత నియమములను వేరొక విభాగములో పెట్టి, జవాబు పుట నుండి అక్కడికి లింకు ఇచ్చాము. ఇప్పుడు మాకు మూడు విభాగములున్నవి. 'చిత్తు' విభాగములో నమోదైన వారెవరైనను కొత్త పుటను తెరచి వ్రాయవచ్చును. 'జవాబులు' విభాగమును ఒక చిన్న గుంపు మాత్రమే దిద్దును. చిత్తును ఇద్దరు చదివి ఒప్పుకొనిన తరువాతనే అక్కడికి తెత్తురు. 'నియమములు' విభాగమును ఆయా సంఘముల తరపున ఒక్కొక్కరు మాత్రమే ముట్టుదురు. అడ్మిన్ పుటలోని అనుమతుల పట్టికలో ఇదంతయు కొన్ని గీతల పని.

చిత్తు నుండి జవాబులలోనికి పాఠమును నకలు చేసినప్పుడు పాత పుట చరిత్ర దానితో రాదు. కనుక భద్రపరచునప్పుడు కారణము గడిలో మొదట వ్రాసినవారి పేరును, చదివిన ఇద్దరి పేర్లను వ్రాయుట తప్పనిసరి చేశాము. ఉమ్మడి లాగిన్‌లు రద్దు చేశాము. జవాబులను చూచు గుంపులోని వారందరు మార్పుల సమాచారము ఈమెయిలుకు వచ్చునట్లు నమోదు చేసికొనిరి.

ఈ ఏర్పాటునకు వెల లేకపోలేదు. చదువు ఇద్దరికి తీరిక లేక చిత్తులు నెలల తరబడి పడియుండుచున్నవి. యౌవన కాపరుల ఉత్సాహము కొంత చల్లారినది. పరిశీలింపబడని జవాబులను కూడ ఒక హెచ్చరికతో అందరికి చూపుదమని మాలో కొందరు వాదించిరి. మేము ఒప్పుకొనలేదు. దుఃఖములో ఉన్నవాని ఫోను తెరపై హెచ్చరిక గీత కనబడదు, దాని క్రింది వాక్యమే కనబడును. ఈమధ్య కొందరు కృత్రిమ మేధ యంత్రమును అడిగినచో క్షణములో జవాబు వచ్చునుగదా అనుచున్నారు. వచ్చును, కాని అది సరియో కాదో చూచి తన పేరు పెట్టువాడు అక్కడ లేడు.

చెరపబడని చరిత్ర

పాత రూపములన్నియు నిలిచియుండుట ఈ సాధనమునకు ఉన్న గొప్ప బలము. అవి డేటా ఫోల్డరులోని 'ఆటిక్' అను ఫోల్డరులో కుదించిన ఫైళ్లుగా ఉండును. ఏ రెండు రూపములనైనను ప్రక్కప్రక్కన పెట్టి భేదమును చూడవచ్చును, పాతదానిని మరల తేవచ్చును.

అయితే అదే గుణము కాపరికి ఉచ్చు కూడ కాగలదు. ఒక విద్యార్థి తన గ్రామములోని ఒక దంపతుల సమస్యను ప్రశ్నగా వ్రాయుచు వారి పేర్లను కూడ వ్రాసెను. వెంటనే పేర్లను తీసివేశాము గాని పాత రూపములో అవి అట్లే ఉన్నవి. చరిత్రను నొక్కిన ప్రతివారికి కనబడును. పుటను పూర్తిగా తుడిచివేసినను పాత రూపములు పోవు. అడ్మిన్ సర్వరులోనికి వెళ్లి ఆటిక్ ఫోల్డరులో ఆ పుట పాత ఫైళ్లను చేతితో తీసివేయవలెను. మార్పుల చిట్టాలోని కారణము గడిలో పేరు ఉన్నదేమో చూడవలెను. నకళ్లలో కూడ తీసివేయవలెను. ఆంతరంగికముగా చెప్పబడిన దానిని కాపాడుట కాపరి ధర్మము గనుక, ప్రశ్న వ్రాయు పుటలో మొదటి మాటగానే పేర్లు, ఊర్లు వ్రాయవద్దని ఉంచాము.

తెలుగు అక్షరముల చిక్కులు

పుట పేరును తెలుగులో పెట్టుటకు డోకువికీ అడ్డు చెప్పదు. కాని మామూలు అమరికలో అది ఒక్కొక్క తెలుగు సంకేతమును ఫైలు పేరులో తొమ్మిది గుర్తులుగా మార్చి వ్రాయును. ఇక్కడ హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు అన్నియు వేరువేరు సంకేతములు. 'బాప్తిస్మము' అను ఒక్క మాటలోనే 11 సంకేతములున్నవి, అనగా 99 గుర్తులు. లినక్స్‌లో సాధారణముగా ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. పాత రూపముల ఫైళ్లకు తేదీ సంఖ్య మొదలైనవి కూడ చేరును. ప్రశ్న మొత్తమును పుట పేరుగా పెట్టినచో భద్రము కాదు. మొదటివారము మాకు ఇది అర్థము కాక చాలా సమయము పోయినది. ఇంగ్లీషు చిన్న అక్షరములు, అంకెలతో పొట్టి పేరు పెట్టి, ప్రశ్నను పుటలో మొదటి శీర్షికగా వ్రాసి, శీర్షికనే పేరుగా చూపు అమరికను నొక్కుట దీనికి పరిష్కారము.

వెదకుటలో మరొక చిక్కు. సంఘము, సంఘం, ప్రార్థన, ప్రార్ధన, దశమ భాగము, దశమభాగం. మనకు ఒకటే గాని యంత్రమునకు వేరు మాటలు. ప్రతి పుట చివర ఇట్టి రూపములను ఒక వరుసలో వ్రాయుచున్నాము. ఇక అను ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చిన మన పాత పుస్తకముల పాఠమును నేరుగా అతికించినచో పిచ్చి అక్షరములు వచ్చును. ముందుగా యూనికోడ్‌లోనికి మార్చి, ఒత్తులను కన్నులతో సరిచూడవలెను. 'నిత్యజీవము' 'నిత్వజీవము'గా మారిన పుట మాకు ఒకటి దొరికినది.

తాళపుచెవులు

డేటా, కాన్ఫ్ అను రెండు ఫోల్డర్ల నకలును వారమునకొకసారి వేరొక చోట దాచినచో మొత్తము వికీ మన చేతిలో ఉన్నట్లే. ఆ నకలును ఆరు నెలలకొకసారి ఒక ఖాళీ కంప్యూటరులో తెరచి చూడవలెను. తెరువని నకలును నమ్మరాదు.

కాపరులకు బదిలీలు, విద్యార్థులకు పట్టాలు వచ్చును. సర్వరు అద్దె, చిరునామా నమోదు ఒక విద్యార్థి సొంత ఈమెయిలుతో ఉండగా అతడు చదువు ముగించి వెళ్లిపోయెను. గడువు హెచ్చరికలు అతని పాత ఈమెయిలునకే వచ్చినవి, రెండు వారములు మా పుటలు ఎవరికిని కనబడలేదు. ఇప్పుడు ఆ నమోదులు సంస్థ ఈమెయిలుతో ఉన్నవి. అడ్మిన్ అధికారము ఇద్దరికి, ఇద్దరి పేర్లతో వేరువేరుగా ఉన్నది. అత్యవసరమునకు సర్వరు పాస్‌వర్డును వ్రాసి, కవరు అంటించి, కోశాధికారి బీరువాలో పెళ్లి రిజిస్టర్ల ప్రక్కన ఉంచాము. ఇద్దరిలో ఒకరు బదిలీ అయినప్పుడు ఆ కవరు చింపి కొత్తది వ్రాయుదురు.